వాకిలి లేని ఇల్లు: కుంభారి కార్మిక నివాసములపై ఒక విమర్శ

షోలాపురమునుండి అక్కలకోటకు పోవు మార్గమున కుంభారి యను గ్రామము కలదు. ఒకప్పుడది జొన్నచేల నడుమ నుండిన పల్లె. నేడు ఆ పేరు చెప్పినంతనే షోలాపురపు తెలుగువారికి జ్ఞప్తికి వచ్చునవి చేలు కావు, ఇండ్లు. అచ్చట బీడీ కార్మికస్త్రీల సహకార సంఘము 10,000 ఇండ్లు కట్టించి, 2006లో నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగు చేతులమీదుగా వానిని కార్మికుల పరము చేసినది. వార్లీ గిరిజనుల పోరాటమునకు నాయకత్వము వహించిన గోదావరీ పరులేకరు స్మృత్యర్థము ఆ వాడకు గోదూతాయి పేరు పెట్టిరి. తరువాత అదే గ్రామపు పొలిమేరలో ప్రధానమంత్రి ఆవాస యోజన క్రింద రేనగర్ అను 30,000 ఇండ్ల నివాసమునకు 2019 జనవరిలో శంకుస్థాపన జరిగినది. 2024 జనవరి 19వ తేదీన ప్రధానమంత్రి నరేంద్ర మోదీ వానిలో 15,000 ఇండ్లను కార్మికులకు అప్పగించిరి. ఈ రెండు వాడలకును మూలపురుషుడు ఆడం మాస్తరుగా ప్రసిద్ధుడైన నరసయ్య ఆడం. ఆయన తెలుగువాడు, కమ్యూనిస్టు; శాసనసభ్యుడుగా పనిచేసినవాడు. పరస్పరము పొసగని పక్షములకు చెందిన ఇరువురు ప్రధానమంత్రులను ఒక్క పల్లెకు రప్పించిన కార్మిక సంఘములు దేశమున నెన్ని కలవో చెప్పుట కష్టము.

ఈ కార్యముయొక్క ఘనతను తగ్గించి చెప్పుట న్యాయము కాదు. బీడీలు చుట్టువారు, మరమగ్గములపై పనిచేయువారు, చెత్తయేరి బ్రతుకువారు జన్మమెల్ల అద్దె కొట్టములలో గడిపి, వాన వచ్చినపుడెల్ల గిన్నెలు పెట్టి కప్పు కురియు నీరు పట్టుకొనువారు. అట్టివారికి కేంద్రప్రభుత్వము ఇంటికి 1,50,000 రూపాయలు, రాష్ట్రప్రభుత్వము 1,00,000 రూపాయలు సాయము చేయగా, మిగిలిన సొమ్ము వారే సమకూర్చుకొని పక్కా యింటికి హక్కుదారులైరి. యోజన నిబంధనలనుబట్టి ఇల్లు స్త్రీ పేరనో, భార్యాభర్తలిరువురి పేరనో నుండవలెను. భర్త త్రాగి వచ్చి బయటికి గెంటునను భయముతో బ్రతికిన స్త్రీకి ఆ పత్రమెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. ఈ ఇండ్లు తెలుగువారికి మాత్రమే దక్కినవి కావు. కన్నడిగులు, మరాఠీవారు, ముస్లిములు, దళితులు అందరును వీనిలో పాలివారే. అదియు మెచ్చదగినదే.

అయినను కట్టిన ఇండ్ల సంఖ్యను చూచి సంతోషించుటతో విచారణ ముగియదు. ఇల్లు ఎట్లు కట్టబడినది, వీథి యెట్లు తీర్చబడినది, దానిలో కాపురముండువారి పని యెట్టిది యను మూడు ప్రశ్నలను కలిపి చూడవలసియున్నది. రేనగర్ విషయమున మొదటి రెండింటికి లెక్కలు కలవు. మూడవదానిని ప్రణాళిక వేసినవారు అడిగినట్లు కనబడదు.

షోలాపురమున తొలి నూలుమిల్లు 1870 దశకమున వెలసినది. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు సీమల పద్మశాలీలు అంతకుముందును, పిమ్మటను నిజాము రాజ్యమునుండి అచ్చటికి వలసపోయిరి. వారు స్థిరపడిన పేటలు నగరమునకు తూర్పుదెసను కలవు: సాఖర్‌పేట, భవానీపేట, జోడ్‌భావిపేట, దాజీపేట మొదలగునవి. ఈ పేటల వీథులను పైపైన చూచినవారు ఇరుకనియు, క్రమములేనివనియు ఈసడింతురు. కాని నేతవాని వీథికి దాని క్రమము దానికి కలదు. పడుగు సాచి, గంజి పట్టించి, కుంచె త్రిప్పుటకు నిడుపైన తిన్నని చోటు కావలెను. అది ఏ గృహస్థుని యింటిలోను ఇమడదు. కావున ప్రొద్దుటిపూట వీథియే ఆ పనికి చావడి. మగ్గము లోపలి గదిలో నుండును. ఆసు పోయుట, కండెలు చుట్టుట అరుగుపై జరుగును. ఇట్లు ఒకే వృత్తి లోపలి గదినుండి అరుగునకు, అరుగునుండి వీథికి వ్యాపించి, మూడింటిని ఒక్క కార్ఖానాగా చేసికొన్నది. చేమగ్గము పోయి మరమగ్గము వచ్చిన తరువాత పడుగు వీథినుండి తొలగినది గాని, అరుగు తొలగలేదు.

అరుగును నిలిపినది బీడీ. మగవారు మిల్లులకును మరమగ్గములకును పోగా, ఆడవారు బీడీ చుట్టి సంసారమునకు రెండవ ఆధారమైరి. ఈ పని తీరు తెలియనివారికి దానిని కొంత వివరించుట అవసరము. స్త్రీ కార్ఖానాకు పోయి, తూకమువేసి ఇచ్చిన తునికాకును, తంబాకును తెచ్చుకొనును. ఆకును నీట తడిపి, తడిగోనెలో చుట్టి ఉంచును. మెత్తపడిన ఆకును రేకు కొలతకు కత్తెరతో కత్తిరించును. మరునాడు చాట ఒడిలో పెట్టుకొని, తంబాకు నించి, చుట్టి, కొన మడిచి, దారము కట్టును. వేయి బీడీలకింత యని కూలి. నేర్పరియైన స్త్రీకిగూడ వేయి చుట్టుట దినమెల్ల పట్టు పని. సాయంకాలమునకో మరునాటికో వానిని కార్ఖానాకు తీసికొనిపోవలెను; అచ్చట ఏరి, బాగుగా లేనివానిని త్రోసివేసి, తక్కినవానిని లెక్కకు కట్టుకొందురు. పిల్లలు, వంట, ముసలివారి శుశ్రూష ఇవన్నియు ఈ పని నడుమ నడుమ సాగవలెను. అందుచే ఆమెకు గాలి వెలుతురు గల చోటు, కాలు చాపి కూర్చుండు నీడ, నీరు పారబోయుటకు వీలు, వీథిలో ఆడు పిల్లవాడు కనబడు చూపు ఇవి అన్నియు ఒక్కచోట కావలెను. ఆ ఒక్కచోటే అరుగు. తంబాకు ధూళి మూసిన గదిలో నిండినచో రొమ్మునకు హాని. కనుకనే నలుగురైదుగురు స్త్రీలు చాటలతో వచ్చి వాకిట కూర్చుండుట ఏర్పడినది. ఇది కేవలము కబుర్లకొరకు చేసికొన్న యేర్పాటు కాదు.

1966లో పార్లమెంటు చేసిన బీడీ, చుట్ట కార్మికుల చట్టము, ఇంటివద్ద కూర్చుండి పనిచేయు స్త్రీనిగూడ కార్మికురాలుగానే గుర్తించినది. అనగా ఆమె యిల్లు పనిచేయు స్థలమని ప్రభుత్వమునకు ఆరు దశాబ్దములుగా తెలియును. కార్మికశాఖకు తెలిసిన ఈ సంగతి గృహనిర్మాణశాఖకు చేరకపోవుట విచిత్రము.

ఇక రేనగర్ లెక్కలు. 350 ఎకరములకు మించిన నేలపై 30,000 ఇండ్లు. ఒక్కొక్క కట్టడమున నేలమట్టము, దానిపై రెండంతస్తులు. కట్టడమునకు 36 ఇండ్లు, అనగా అంతస్తునకు 12. ఒక్కొక్క యిల్లు లోపలి కొలత సుమారు 300 చదరపు అడుగులు. ఈ లెక్కను బట్టి ఎకరమునకు 80 ఇండ్లు, ఇంటికి ఐదుగురు చొప్పున ఎకరమునకు 400 మంది. ఈ సంఖ్య విన్నంతనే “ఇంత ఇరుకా!” యని నొచ్చుకొనువారు కలరు. ఆక్షేపణలలో తరచుగ వినవచ్చునది ఇదియే. కాని ఇది గురి తప్పిన ఆక్షేపణ. పాత పేటలలో పది చదరపు గజముల గదిలో ఆరుగురు కాపురముండిరి. వారికి ఇరుకు క్రొత్త కాదు. దూరదూరముగ కట్టిన వాడలో బస్సు నిండదు, అంగడి నడువదు, కొళాయి గొట్టమునకు, వీథిదీపమునకు ఇంటింటికి పడు ఖర్చు పెరుగును. నగరమునకు పది కిలోమీటర్ల యెడముగా కట్టిన నివాసము దట్టముగా లేకపోయినచో అది బ్రతుకుటయే కష్టము. ఎకరమునకు 80 ఇండ్లుండుట దోషము కాదు. ఆ 80 ఇండ్ల ద్వారములు ఎచ్చట తెరచుకొనుచున్నవి యనునదే అడుగవలసిన ప్రశ్న.

36 ఇండ్లలో 12 మాత్రమే నేలమీద నున్నవి. మొత్తము 30,000లో 20,000 కుటుంబములు మెట్లెక్కి పోవలసినవారు. వారి ద్వారము వీథిలోనికి గాక, పదునొకండు ఇతర ద్వారములతో పంచుకొను దారిలోనికి తెరచుకొనును. ఆ దారి నడుచుటకు చాలును గాని, చాట పెట్టుకొని కూర్చుండుటకు చాలదు. కూర్చున్నచో పొరుగువారికి అడ్డము. కావున పని లోపలికి పోవలెను. 300 చదరపు అడుగులలో వంట, పడక, స్నానము పోగా మిగిలిన గదిలో తడియాకు గోనె, తంబాకు డబ్బా, చుట్టిన బీడీల కట్టలు చేరును. షోలాపురమున వేసవి 40 డిగ్రీలు దాటును. పై అంతస్తువారికి కాగిన కప్పు నెత్తిమీద నుండును. పంకా వేసినచో తంబాకు ఎగురును, వేయనిచో ఉడుకు. పాత వాడలో వాకిట చల్లారిన సమస్య ఇచ్చట గదిలో పుట్టినది.

ఏబదియేండ్లు దాటిన బీడీకార్మికురాలి మోకాళ్లనుగూర్చి ఎవరును ప్రణాళికలో వ్రాయరు. దినమెల్ల ఒక్క భంగిమలో కూర్చుండిన స్త్రీకి రెండంతస్తుల మెట్లు చిన్నవి కావు. బియ్యపు సంచి, నీళ్ల బిందె, చంటిపిల్ల వీనితోబాటు ఆకు మూటగూడ ఎక్కవలెను. ఆమె క్రిందికి దిగుట తగ్గించుకొనును. మొదట అంగడికి పిల్లలను పంపును. తరువాత దేవాలయమునకు పండుగనాడు మాత్రమే పోవును. చివరకు పొరుగు అనగా ఆ పదునొకండు ద్వారములే. దట్టముగ జనమున్న వాడలో ఒంటరితనము పుట్టుట ఇట్లే.

ఇదే కుంభారిలో గోదూతాయి వాడ ప్రక్కనే యుండుటచే పోలిక సులభము. అచ్చటి 10,000 ఇండ్లు నేలమీదివి. ప్రతి యింటికి తన ద్వారము, తన వాకిలి. ఇచ్చినప్పుడు ఒక్కటే అచ్చులో పోసిన ఇండ్లు. పిమ్మట కాపురస్థులు కొందరు ముందు రేకులు దింపి నీడ చేసికొనిరి. కొందరు పైన గది లేపిరి. కొందరు కిటికీని అంగడి చేసిరి. కుట్టుమిషను వచ్చినది. షోలాపురమున తువాళ్లకును, పాఠశాల దుస్తులకును కుట్టుపని విరివిగా దొరకుటచే, బీడీనుండి తొలగదలచిన యువతులకు ఆ మిషను పెట్టుకొను చోటు వాకిలియే. అయితే ఈ వాడను స్వర్గముగ వర్ణించుట తగదు. ముందుకు పెరిగిన రేకులు వీథిని మింగినవి. ఒకరి మోరీ నీరు మరొకరి గడపకు చేరుటయు కలదు. ఎవరి యిల్లు ఎంతవరకు పెరుగవచ్చునో ముందుగ గీత గీయనందున కలిగిన దోషమిది. కాని ఇల్లు పెరుగగలుగుట దోషము కాదు. సంసారము పెరిగినపుడు దానితోబాటు ఇల్లును పెరిగినది. మూడంతస్తుల కట్టడములో మధ్యనున్న ఇల్లు పుట్టిన కొలతలోనే ఉండిపోవును. కొడుకునకు పెండ్లియైననాడు ఆ కుటుంబము తిరిగి అద్దె కొట్టమునకే చూడవలెను.

30,000 ఇండ్లను నేలమీద కట్టుటకు చోటెక్కడిదని ప్రశ్న వచ్చును. న్యాయమైన ప్రశ్నయే. 350 ఎకరములనగా సుమారు 16,94,000 చదరపు గజములు. ఇంటికి 56 గజములు పడును. బాటలకు, బడులకు, ఖాళీస్థలములకు దాదాపు సగము తీసివేసినచో 30 గజములు, అనగా 270 చదరపు అడుగులు మిగులును. అంత నేలపై ఒక్క మట్టమున 300 అడుగుల ఇల్లు ఇమడదు. కాని క్రింద 180, పైన 180 అడుగుల చొప్పున ఒకే కుటుంబమునకు నిలువుగ కట్టినచో 360 అడుగుల ఇల్లు, 90 అడుగుల వాకిలి వచ్చును. మెట్లకు కొంత పోయినను నష్టము లేదు. పునాదులు ఎక్కువగుటచే ఖర్చు కొంత హెచ్చును, అది నిజము. ఆ హెచ్చును భరింపవచ్చునా లేదా యని లెక్కవేసి, కార్మికులనే అడిగి, కాదన్నచో విడుచుట ఒక పద్ధతి. మూడంతస్తుల అచ్చు తప్ప వేరు దారి లేదని మొదటనే అనుకొనుట మరొక పద్ధతి.

దట్టముగ, అయినను నేలను విడువక కట్టిన వాడలు మహారాష్ట్రకు తెలియనివి కావు. సికిందరాబాదున 1930లో జన్మించిన వాస్తుశిల్పి చార్లెస్ కొరియా, నవీముంబయిలోని బేలాపురమున 1980 దశకమున సుమారు 550 కుటుంబములకు ఒక వాడను కట్టెను. ఏడేసి ఇండ్లు ఒక చిన్న ముంగిలి చుట్టును, అట్టివి మూడు చేరి ఇరువదియొక్క ఇండ్లు మరికొంత పెద్ద ముంగిలి చుట్టును అమర్చబడినవి. ప్రతి యిల్లును తన స్థలములో తాను పెరుగవచ్చును. రేనగర్‌తో పోల్చినచో ఆ వాడ సాంద్రత సగమునకు అటునిటు. కనుక దానిని అట్లే తెచ్చి కుంభారిలో దింపుట సాధ్యము కాదు. తీసికొనవలసినది ఏడిండ్ల లెక్క. ఏడు కుటుంబముల స్త్రీలు ఒక ముంగిట కూర్చుండి పనిచేయగలరు. ఒకరి పిల్లను మరొకరు చూడగలరు. మోరీ నిండినచో ఎవరు బాగుచేయింపవలెనో తేల్చుకొనగలరు. ముప్పదియారు కుటుంబములకు ఒక్కటే మెట్లదారియైనచో అది అందరిదియు కాదు, ఎవరిదియు కాదు.

స్వరాష్ట్రములలోని యేర్పాట్లు ఈ విషయమున షోలాపురమునకు దారి చూపగలవాయన్నచో, సగము మాత్రమే. ఆంధ్రప్రదేశమున టిడ్కో ఇండ్లు 300, 365, 430 చదరపు అడుగుల కొలతలతో నేలమట్టముపై మూడంతస్తులుగ లేచినవి. రేనగర్ దోషమే వానికిని కలదు, ఒక అంతస్తు అదనముగ. 2020 డిసెంబరునుండి అదే రాష్ట్రమున పట్టణపు పేదలకు సెంటు చొప్పున, అనగా 48 గజములకు కొంచెము మించి, నేల పంచిరి. అచ్చట వాకిలి దొరికినది గాని, పెక్కుచోట్ల ఊరికి దూరమైనది. తెలంగాణమున కొల్లూరులో 15,660 రెండు పడకగదుల ఇండ్లను తొమ్మిదికి మించిన అంతస్తులుగ కట్టి 2023లో ప్రారంభించిరి. ఎత్తైన కట్టడమునకు లిఫ్టు ప్రాణము. దాని మరమ్మతు ఖర్చు పేదవారు నెలనెలా ఎట్లు మోయుదురన్నది ఇంకను పరీక్షింపబడుచున్న విషయము.

షోలాపురపు తెలుగువారికి మాత్రము ఈ ప్రశ్న గృహవసతితో ఆగదు. వారి పిల్లలు మరాఠీలోనో ఆంగ్లములోనో చదువుదురు. కార్యాలయమున మరాఠీ, అంగట హిందీ. తెలుగు బ్రతికిన చోటు అరుగు. అవ్వ, కోడలు, మనుమరాలు, పొరుగింటి స్త్రీలు చాటలు పెట్టుకొని కూర్చున్నచోట ప్రొద్దెల్ల వినబడునది తెలుగే. అందు కరీంనగరపు మాట, పాలమూరి యాస, మరాఠీ కలిసిన షోలాపురపు పలుకు అన్నియు కలవు. సామెతలు, పెండ్లిపాటలు, మార్కండేయుని కథ బడిలో నేర్పినవి కావు. శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయుని రథము పాత పేటలలో సాగునపుడు దానిని చూచువారు వాకిళ్లలో నిలుచుండి చూతురు. హారతి పళ్లెము గడపనుండియే వచ్చును. ఒక్కొక్క కుటుంబమును విడదీసి, చీటీలో వచ్చిన సంఖ్యనుబట్టి అంతస్తులలో చేర్చినచో, తల్లి బిడ్డతో తెలుగే మాటలాడవచ్చును గాని, ఆ బిడ్డకు తెలుగు మాటలాడు వీథి యుండదు. ఇంటిలో మాత్రము వినబడు భాష తరముతో సన్నగిల్లుట మద్రాసులోను, బెంగుళూరులోను, ఒరిస్సా పట్టణములలోను స్థిరపడిన తెలుగువారికి తెలియనిది కాదు. ఇతర భాషలవారితో ఇరుగుపొరుగై యుండుట మంచిదే. పాత పేటలలోనూ అట్లే యుండిరి. పది కుటుంబములైన కలిసి ఒక వీథిలో నుండవలెనని కోరుట వేర్పాటు కాదు.

1914లో భారతదేశమునకు వచ్చి, పిమ్మట బొంబాయి విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన పాట్రిక్ గెడ్డెస్, పాత వాడలను పడగొట్టి వెడల్పు బాటలు వేయు నగరపాలకుల పద్ధతిని గట్టిగ నిరసించెను. ఏ వీథిలో ఎవరు ఎట్లు బ్రతుకుచున్నారో నడచి చూచిన పిమ్మటనే గీత గీయవలెనని ఆయన మతము. కుంభారిలో పడగొట్టుటకు పాత వాడ లేదు, బయలు నేల. అందుచే నడచి చూడవలసినది సాఖర్‌పేటలో, భవానీపేటలో. ఆ పనికి ఒక నెల పట్టియుండెడిది.

లేచిన కట్టడములను దింపుట యెవరికిని సాధ్యము కాదు. చేయదగిన పనులు ఇంకను కలవు. నేలమట్టపు ఇండ్లను ముసలివారికి, బీడీ చుట్టువారికి, కుట్టుపని పెట్టుకొనువారికి ముందుగ నిచ్చి, పై అంతస్తులను బయట పనికి పోవువారికి ఇచ్చుట మొదటిది. ఇందుకు సిమెంటు అక్కరలేదు, జాబితా చాలును. ఇప్పటికే అప్పగించిన ఇండ్లలోగూడ ఇష్టపడినవారు మార్చుకొనుటకు సంఘము అనుమతింపవచ్చును. రెండు కట్టడముల నడుమనున్న నేలను మోటారుబండ్లకు వదలక, స్తంభములపై రేకు నీడ వేసి, గచ్చు చేసి, నీటికొళాయి, మోరీ పెట్టినచో ముప్పదియారు ఇండ్లకు ఒక సామాన్యమైన అరుగు ఏర్పడును. దానిని ఏడెనిమిది కుటుంబములకొక భాగముగ పంచుకొనుట వారికే తెలియును. ఒకే పేటనుండి వచ్చినవారిని ఒకే మెట్లదారికి చేర్చుట మిగిలిన దశల పంపకములోనైన సాధ్యమే.

అన్నింటికంటె ముందు కార్ఖానా సంగతి. ఆకు తెచ్చుటకు, బీడీ ఇచ్చుటకు స్త్రీ దినదినము నగరమునకు పోయి రావలసినచో, ఆటో చార్జి వేయి బీడీల కూలిలోనుండియే పోవును. కొత్త యింటి వాయిదాయు ఆ కూలిలోనిదే. బీడీ యజమానులు తమ శాఖలను రేనగర్ లోపలనే తెరచునట్లు చేయుటకు సంఘమునకు శక్తి కలదు; 30,000 ఇండ్లు సాధించినవారికి నాలుగు గదులు సాధించుట అసాధ్యము కాదు. ఆ గదులు నివాసపు అంచున ప్రధానమార్గముపై గాక, కాలినడకను చేరగల దూరమున నాలుగు దిక్కులను నుండవలెను. ముందట నీడయు, కూర్చుండుటకు గచ్చును ఉండవలెను. ఏలయన బీడీలను ఏరి లెక్కించువరకు స్త్రీలు గంటలకొలది అచ్చటనే కాచుకొనియుందురు.